మారుతి 800 స్టీరింగ్: నేరుగా వెళ్తే వదులు, మలుపులో బిగువు. రాక్ మార్చాల్సిందేనా?

కోట జంక్షన్ (విజయనగరం)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 2001 నాటి మారుతి 800 ఉంది, ఏపీ 35 నంబరు. నాన్నగారు కొన్న బండి, ఇప్పటికీ ఆయనే నడుపుతారు. అందుకే దీన్ని సగం సగం బాగుచేయించి వదిలేయడం నాకు ఇష్టం లేదు. దీనికి పవర్ స్టీరింగ్ లేదు.

కొన్ని నెలలుగా స్టీరింగ్‌ను అటూ ఇటూ కొంత తిప్పినా చక్రాలు కదలడం లేదు. నాతవలస దగ్గర హైవే ఎక్కి వేగం డెబ్బై దాటితే బండి ఒక గీతలో నిలవదు, చేతులు సర్దుతూనే ఉండాలి. గతుకుల్లో ఎడమ ముందు చక్రం వైపు నుంచి టక్ టక్ మని చప్పుడు వస్తోంది. ఒక షెడ్డులో చూపిస్తే "స్టీరింగ్ బాక్స్ వదులైంది" అని కింద ఒక స్క్రూ బిగించారు. ప్లే, అంటే ఆ వదులు, కాస్త తగ్గింది గానీ అప్పటి నుంచి స్టీరింగ్ బిగుసుకుపోయింది. మలుపు తిరిగాక చేయి సడలిస్తే చక్రం తనంతట తాను వెనక్కి రావడం లేదు, మనమే లాగాలి. చప్పుడు మాత్రం అలాగే ఉంది.

మళ్లీ వెళ్తే రాక్ మొత్తం మార్చాలంటున్నారు. నిజంగా అవసరమా? వేరే ఏమైనా చూడాలా? నాన్నగారికి డెబ్బై దాటాయి, ఈ బిగువుతో ఆయన భుజాలు నొప్పి పెడుతున్నాయి.


చీపురుపల్లి వాసి

ముందు టైర్లలో గాలి చూశారా? గాలి తక్కువైతే పవర్ లేని స్టీరింగ్ చాలా బరువుగా ఉంటుంది. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కరు మీద ఎంత ఉండాలో రాసి ఉంటుంది. పంపు దగ్గర అబ్బాయి అన్ని బండ్లకూ ఒకే అంకె పెట్టేస్తాడు, మనం చెప్పి పెట్టించుకోవాలి.


కోట జంక్షన్

గాలి సరిగ్గానే ఉందండీ, నిన్ననే చూసుకున్నాను. టైర్లు కూడా కంపెనీ ఇచ్చిన కొలతే, 12 అంగుళాల చక్రాలు. వెడల్పు టైర్లు వేయలేదు.


సాలూరు మేస్త్రీ

బాబూ, రాక్ జోలికి అప్పుడే వెళ్లకండి. నేను సాలూరులో లారీల దగ్గర పని నేర్చుకుని తర్వాత కార్ల పనిలోకి వచ్చినవాణ్ణి. మీరు మూడు లక్షణాలు రాశారు: ప్లే, చప్పుడు, బిగువు. మొదటి రెండూ ముందు నుంచే ఉన్నాయి. మూడోది స్క్రూ బిగించాకే వచ్చింది. అంటే బిగువు బండి జబ్బు కాకపోవచ్చు, చేసిన వైద్యం వల్ల వచ్చి ఉండవచ్చు.

ఆ స్క్రూ ఏం చేస్తుందో తెలుసుకుంటే మిగతాది మీకే అర్థమవుతుంది. స్టీరింగ్ కడ్డీ చివర ఒక చిన్న పళ్లచక్రం ఉంటుంది, అది పినియన్. అది పళ్లున్న అడ్డకడ్డీని, అంటే రాక్‌ను, ఎడమకూ కుడికీ జరుపుతుంది. రాక్ వెనుక ఒక దిమ్మ, దాని వెనుక ఒక స్ప్రింగు ఉండి రాక్‌ను పినియన్‌కు ఆనించి ఉంచుతాయి. స్క్రూ ఆ స్ప్రింగు ఒత్తిడిని సరిచేస్తుంది, అంతే. పళ్ల మధ్య సందును తప్ప మరే వదులునూ అది తీయలేదు. రాడ్ ఎండ్, అంటే రాక్ నుంచి చక్రానికి వెళ్లే టై రాడ్ చివరి కీలు, అరిగి ఉంటే, స్క్రూను ఎంత తిప్పినా రాడ్ ఎండ్ ప్లే రాడ్ ఎండ్‌లోనే ఉంటుంది.

ఇంకొకటి. బండి ఎక్కువ దూరం నేరుగానే నడుస్తుంది కాబట్టి రాక్ పళ్లు నడుమనే ఎక్కువ అరుగుతాయి, పాత గుడి మెట్టు నడుమ అరిగినట్టు. నడుమ సందు పోయేదాకా బిగిస్తే, అరగని అంచుల దగ్గర పళ్లు నొక్కుకుపోతాయి. నేరుగా ఉన్నప్పుడు కాస్త బాగుందనిపిస్తుంది, తిప్పేసరికి పట్టేస్తుంది. మీ బండిలో జరిగింది ఇదేనని నా అనుమానం.

కాబట్టి మొదటి పని, ఆ స్క్రూను విప్పించి పాత చోటికి తెప్పించండి. లాక్ నట్ దగ్గర పాత గుర్తు, మట్టి గీత కనబడవచ్చు. స్క్రూను పూర్తిగా బిగించి కొంచెం వెనక్కి విప్పి లాక్ నట్ వేయడం పద్ధతి, ఎంత విప్పాలో ఆ మోడల్ సర్వీస్ పుస్తకంలో ఉంటుంది. వదులు స్టీరింగ్‌తో మెల్లగా నడిపి షెడ్డుకు చేరుకోవచ్చు. వెనక్కి రాని స్టీరింగ్ మలుపులో బండిని రోడ్డు పక్కకు తీసుకుపోతుంది. అది సరిచేసేదాకా పెద్దాయనను హైవే ఎక్కనివ్వవద్దు.

ఒక్క ప్రశ్న. స్క్రూ బిగించే ముందు ఎవరైనా బండిని పైకెత్తి చక్రాలు ఊపి చూశారా?


కోట జంక్షన్

లేదండీ. కింద పడుకుని చూసి, వెంటనే బిగించారు. చక్రాలు ఎత్తనేలేదు.


వంశధార

మేస్త్రీ గారు చెప్పినదానికి కొలతలు జోడిస్తాను. నేను శ్రీకాకుళంలో పాలిటెక్నిక్ విద్యార్థులకు ఆటోమొబైల్ పాఠాలు చెబుతాను.

ప్లే ఎంత ఉందో కంటి అంచనాతో చెప్పకండి. చక్రాలు నేరుగా పెట్టి, స్టీరింగ్ చక్రం అంచు మీద ఒక తెల్ల టేపు ముక్క అంటించండి. పక్కన డాష్‌బోర్డు మీద స్కేలు నిలబెట్టండి. బయట మరొకరు ముందు చక్రాన్ని చూస్తూ కూర్చోవాలి. మీరు వేలితో మెల్లగా తిప్పండి. చక్రం కదలడం మొదలయ్యే చోటు నుంచి రెండో వైపు కదలడం మొదలయ్యే చోటు దాకా టేపు ఎంత జరిగిందో అదే మీ ప్లే. 800కు 30 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. మీ బండికి పవర్ లేదు కాబట్టి ఇంజిన్ ఆపి చూడవచ్చు. హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ ఉన్న బండికైతే ఇంజిన్ నడుస్తుండగా కొలవాలి.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వ నిబంధన ప్రకారం స్టీరింగ్ చక్రం మీద ప్లే 30 డిగ్రీలు దాటకూడదు. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు వెళ్లినప్పుడు కొందరు ఈ అంకె చెప్పి "ఇంకా లోపలే ఉంది, పాసవుతుంది" అంటారు. లెక్క వేసి చూడండి. 37 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న చక్రం మీద 30 డిగ్రీలంటే అంచు దగ్గర దాదాపు 10 సెంటీమీటర్లు. 30 మిల్లీమీటర్లంటే సుమారు 9 డిగ్రీలే. చట్టం చెప్పేది అన్ని రకాల వాహనాలకూ కలిపి పెట్టిన చివరి హద్దు. చిన్న కారు ఆ హద్దు దాకా వచ్చిందంటే ఎక్కడో ఒక కీలు పూర్తిగా పోయిందని అర్థం. విద్యార్థులకు ప్రతి ఏడాదీ నేను నొక్కి చెప్పే విషయం ఇది.


పాత టాక్సీ (శ్రీకాకుళం)

నేను సూర్యమహల్ జంక్షన్ దగ్గర అంబాసిడర్ టాక్సీ నడిపినవాణ్ణి. అంబాసిడర్‌కూ రాక్ పినియనే. స్టీరింగ్ బరువైందంటే మేము మొదట చేసేది గ్రీజు కొట్టడం. ముందు చక్రాల దగ్గర గ్రీజు నిపుల్స్ ఉంటాయి, బండిని జాకీ మీద ఎత్తి, చక్రం మీద బరువు లేకుండా గన్నుతో కొట్టాలి. బరువు మీద ఉండగా కొడితే గ్రీజు ఒక పక్కకే పోతుంది. పాత గ్రీజు నల్లగా బయటికి వచ్చి, కొత్తది కనబడేదాకా కొట్టాలి. అరసవల్లి రథసప్తమి రోజుల్లో జనంతో ఊరంతా నిండిపోయి గంటల తరబడి మెల్లగా తిప్పుతూ పోవాలి. గ్రీజు లేని బండితో ఆ రోజు చేతులు పడిపోయేవి. మీ 800కు కూడా గ్రీజు కొట్టించి చూడండి బాబూ.


సాలూరు మేస్త్రీ

అన్నా, అంబాసిడర్‌కు మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. 800కు నిపుల్స్ లేవు. కంపెనీలోనే గ్రీజు పెట్టి మూసేసిన బాల్ జాయింట్లు అవి, రబ్బరు తొడుగు ఉన్నంతకాలమే వాటి ఆయుష్షు. తొడుగు చిరిగితే ఇసుక దూరి లోపల బంతిని తినేస్తుంది. కొందరు చిరిగిన తొడుగులో గ్రీజు కుక్కి పంపిస్తారు, దానివల్ల కొన్నాళ్లు చప్పుడు మాత్రమే తగ్గుతుంది. వదులు అలాగే ఉండిపోతుంది, మనకు తెలియకుండా పోతుంది. దానికంటే చప్పుడు చేస్తున్న జాయింటే మేలు.

కోట జంక్షన్ గారూ, ఇప్పుడు వదులు ఎక్కడుందో పట్టుకునే పద్ధతి చెబుతాను. ఇద్దరు మనుషులు కావాలి.

బండి నేల మీదే ఉండాలి, చక్రాల మీద బరువు ఉండగానే ఈ పరీక్ష. ఒకరు సీట్లో కూర్చుని స్టీరింగ్‌ను కొంచెం ఎడమకు, కొంచెం కుడికి, గడియారం లోలకంలా కాకుండా చిన్నగా, త్వరగా ఊపుతూ ఉండాలి. పెద్దగా తిప్పవద్దు. రెండో మనిషి పై నుంచి కిందికి ఒక్కొక్క కీలు మీద చేయి వేస్తూ రావాలి. మొదట స్టీరింగ్ కడ్డీ కింది జాయింటు. కడ్డీ తిరుగుతూ, జాయింటు అవతలి భాగం తిరగకుండా ఆగితే అక్కడే ప్లే. ఆ జాయింటుకు పట్టు బోల్టు ఉంటుంది, అది వదులైతే మనిషి ప్రాణం మీదికి వస్తుంది, దాన్ని ముందే చూడండి. తర్వాత రాక్‌ను బాడీకి పట్టి ఉంచే క్లాంపులు. రబ్బరు బుష్ పోతే స్టీరింగ్ తిప్పినప్పుడల్లా రాక్ గొట్టమే పక్కకు జరుగుతుంది. కంటికే కనబడుతుంది. తర్వాత రాక్ ఎండ్, ఇది అకార్డియన్ లాంటి రబ్బరు బూటు లోపల ఉంటుంది. బూటు మీద చేత్తో నొక్కి పట్టుకుంటే లోపల టక్ మనడం వేళ్లకు తెలుస్తుంది. చివరగా చక్రం దగ్గర టై రాడ్ ఎండ్. ఒక చెయ్యి దాని మీద, ఒక వేలు పక్కనున్న నకిల్ (చక్రాన్ని మోసే ఇనుప దిమ్మ) మీద ఆనించండి. రెండూ కలిసి కదిలితే మంచిది. ఒకటి కదిలి రెండోది ఆలస్యంగా కదిలితే దొంగ దొరికినట్టే.

చెవి కంటే చెయ్యి నమ్మకమైనది. చప్పుడు ఇనుము వెంట ప్రయాణించి వేరే చోట వినబడుతుంది.

ఆ తర్వాత చక్రాలు ఎత్తి చూడండి. వెనుక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, జాకీతో ఎత్తాక బాడీ కింద స్టాండ్లు పెట్టాలి. ఉత్త జాకీ మీద ఉన్న బండి కిందికి తల పెట్టవద్దు, ఇది ఎంత తొందరలో ఉన్నా మీరు పాటించాల్సిన మాట. చక్రాన్ని ఎడమ, కుడి అంచులు పట్టుకుని ఊపండి. అక్కడ ఆడితే టై రాడ్ వైపు లోపం. పైనా కిందా పట్టుకుని ఊపండి. అక్కడ ఆడితే బాల్ జాయింటో, వీల్ బేరింగో. ఆ రెండింటిలో ఏదో తేలాలంటే లోపల మనిషిని బ్రేకు నొక్కి పట్టుకోమనండి. బ్రేకు నొక్కగానే వదులు పోతే బేరింగు, పోకపోతే బాల్ జాయింటు.


పలాస నుంచి

బూట్ల గురించి మేస్త్రీ గారు చెప్పినదాన్ని తేలిగ్గా తీసుకోకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తీరం దాటినప్పుడు మా బండి నీళ్లలో నిలిచింది. ఇంజిన్, సీట్లు, వైరింగ్ అన్నీ ఆరబెట్టి బాగుచేయించాం. రాక్ బూటు ఒకటి ముందే చిరిగి ఉందని ఎవరూ చూడలేదు. లోపలికి బురదనీరు వెళ్లి రాక్ కడ్డీ తుప్పు పట్టింది. స్టీరింగ్ మొదట గరగరలాడింది, తర్వాత బిగిసింది. చివరికి రాక్ మార్చక తప్పలేదు. బూటు ఖరీదు రాక్ ఖరీదు ముందు లెక్కలోకే రాదు.

కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు సముద్రం దగ్గర ఉండేవాళ్లు స్టీరింగ్ కడ్డీ కింది జాయింటు కూడా చూసుకోవాలి. ఉప్పుగాలికి అది తుప్పు పట్టి బిగుసుకుంటుంది.


వంశధార

పలాస మిత్రులు చెప్పిన ఆ జాయింటు బిగువుకు ఒక స్పష్టమైన గుర్తు ఉంది. స్టీరింగ్‌ను ఒక పూర్తి చుట్టు మెల్లగా తిప్పితే రెండుసార్లు బరువుగా, రెండుసార్లు తేలిగ్గా అనిపిస్తుంది. చుట్టులో ఒకదానికొకటి ఎదురెదురుగా ఉన్న రెండు చోట్ల బిగువు వస్తే ఆ జాయింటునే (దాన్ని యూనివర్సల్ జాయింటు అంటారు) అనుమానించండి. రాక్ బిగువైతే ఒక చివరకు వెళ్లేకొద్దీ పెరుగుతుంది.


రాజాం టీచరమ్మ

నాది కొంచెం వేరే ప్రశ్న, క్షమించాలి. మాది ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఉన్న పాత ఆల్టో. పొద్దున బడికి బయలుదేరేటప్పుడు ఒక్కోసారి స్టీరింగ్ ఉన్నట్టుండి బండరాయిలా అవుతుంది, మీటర్ల దగ్గర ఒక దీపం వెలుగుతుంది. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలుగా ఉంటుంది. దీనికీ రాడ్లు, జాయింట్లు చూడాలా?


వంశధార

అమ్మా, మీ బండిలో ముందు చూడాల్సింది కరెంటు. స్టీరింగ్‌కు సాయపడే మోటారు చాలా విద్యుత్తు లాగుతుంది. బ్యాటరీ బలహీనమైనా, టెర్మినళ్లు తెల్లగా పూసినా, ఎర్త్ తీగ వదులైనా కంట్రోల్ యూనిట్ సహాయం ఆపేసి దీపం వెలిగిస్తుంది. అప్పుడు చక్రాలకూ మీ చేతులకూ మధ్య ఇనుప బంధం మాత్రం తెగదు, బండి తిరుగుతుంది, బలం ఎక్కువ పెట్టాలి. ఇంజిన్ ఆపినప్పుడు బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు సుమారు 13.5 నుంచి 14.5 వోల్టులు చూపాలి. ఎలక్ట్రీషియన్ దగ్గర నిమిషాల్లో తేలుతుంది. అది బాగుంటే స్కానర్ పెట్టి ఆ దీపం ఏ లోపానికి వెలిగిందో చదివించండి. కోడ్ చదవకుండా మోటారు మార్చాలనేవారికి ఒప్పుకోకండి.

ఇరుకు చోట పార్కింగ్ చేస్తూ చివరిదాకా పదే పదే తిప్పితే మోటారు వేడెక్కి కాసేపు బరువవడం వేరే సంగతి. చల్లబడితే అదే సర్దుకుంటుంది. మీది పొద్దున చల్లగా ఉన్నప్పుడు వస్తోంది కాబట్టి బ్యాటరీ మీదే నా చూపు.


చంపావతి తీరం

మాది పాత బొలెరో, హైడ్రాలిక్. ఇంజిన్ నెమ్మదిగా నడుస్తున్నప్పుడు బరువు, యాక్సిలరేటర్ తొక్కితే తేలిక. చివరిదాకా తిప్పితే కీచుమంటుంది.


సాలూరు మేస్త్రీ

బెల్టు జారుతోంది. బిగువు చూపించండి, పగుళ్లుంటే మార్చండి. అప్పటికీ బరువుగానే ఉంటే పంపు బలం చూడాలి. పవర్ స్టీరింగ్ నూనె డబ్బా మూత తీసి మట్టం చూడండి. నురగ కనబడితే ఎక్కడో గాలి పీలుస్తోంది. మూత మీద ఏ నూనె రాసి ఉంటే అదే పోయండి, చేతికందిన బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లన్నీ ఉబ్బి పోతాయి. చివరిదాకా తిప్పి అలాగే పట్టుకుని ఉంచే అలవాటు ఉంటే మానండి, ఆ కొద్ది సేపట్లోనే పంపు మీద ఒత్తిడి పూర్తిగా పడుతుంది. సాలూరు దాటి సుంకి ఘాటు ఎక్కే బండ్లలో ఎక్కువగా చూసిన జబ్బు ఇది.


కోట జంక్షన్

ఇద్దరం కలిసి అన్నీ చూశాం. తమ్ముడు సీట్లో కూర్చున్నాడు, నేను కింద. స్క్రూ విప్పించే ముందు ప్లే 5 సెంటీమీటర్ల దగ్గర ఉంది. వేరే షెడ్డులో దగ్గరుండి స్క్రూను పాత గుర్తుకు తెప్పించాను. ప్లే ఇంకొంచెం పెరిగింది గానీ తిప్పడం వెంటనే తేలికైంది. నాన్నగారు వీధి చివరిదాకా నడిపి చూసి "ఇప్పుడు నా బండిలా ఉంది" అన్నారు.

ఎడమ టై రాడ్ ఎండ్ మీద చెయ్యి వేస్తే మీరు చెప్పినట్టే ఒకటి కదిలాక రెండోది కదిలింది. రబ్బరు తొడుగు చిరిగి లోపల ఇసుక కనబడింది. కుడి వైపుది బాగుంది. కింది జాయింటు, రాక్ క్లాంపులు బాగున్నాయి. బూట్లు రెండూ బాగున్నాయి. చక్రం పైనా కిందా ఊపితే ఏమీ ఆడలేదు. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే చెయ్యి) దగ్గర అడ్డంగా వచ్చే వంగిన కడ్డీ బుష్ ఎడమ వైపు పూర్తిగా చిట్లిపోయి ఉంది. దానికీ స్టీరింగ్‌కూ సంబంధం ఉందా?

ఇంకొక సందేహం. స్క్రూ విప్పాక కూడా కుడికి తిప్పి వదిలితే నడుమకు కొంచెం ముందే ఆగిపోతోంది.


సాలూరు మేస్త్రీ

చాలా సంబంధం ఉంది. 800లో ఆ వంగిన స్టెబిలైజర్ కడ్డీయే లోయర్ ఆర్మ్ ముందుకూ వెనక్కూ పోకుండా పట్టి ఉంచుతుంది. బుష్ చిట్లితే గతుకుల్లో, బ్రేకు వేసినప్పుడు చక్రమే ముందుకూ వెనక్కూ జరుగుతుంది. హైవే మీద మీ బండి గీతలో నిలవకపోవడంలో సగం వాటా దీనిది. మీరు విన్న టక్ టక్ కూడా ఇక్కడిదే కావచ్చు. రెండు వైపుల బుష్‌లూ ఒకేసారి మార్చండి. వాటి బోల్టులు చక్రాలు నేల మీద ఆనాకే చివరి బిగింపు ఇవ్వాలి. గాలిలో బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిట్లుతుంది.

నడుమకు రాకుండా ఆగడానికి ఇప్పుడు స్ట్రట్ (స్ప్రింగూ షాకబ్జరూ కలిసిన భాగం) పై బేరింగు చూడాలి. బానెట్ తెరిచి షాకబ్జర్ పై కప్పు దగ్గర, స్ప్రింగు మీద చెయ్యి పెట్టి, ఇంకొకరిని స్టీరింగ్ చివరి నుంచి చివరిదాకా తిప్పమనండి. స్ప్రింగు సాఫీగా తిరగాలి. కొంచెం ఆగి టంగుమని దూకితే పై బేరింగు పట్టేసింది.

అక్కడా తేలకపోతే విడదీసి చూడాలి. ఎలాగూ ఎడమ రాడ్ ఎండ్ మార్చేటప్పుడు నకిల్ నుంచి ఊడదీస్తారు, కుడిది కూడా ఊడదీయించండి. అప్పుడు స్టీరింగ్‌ను ఒంటరిగా తిప్పండి, అది బరువైతే లోపం రాక్‌లోనో కడ్డీలోనో. తర్వాత చక్రాన్ని చేత్తో ఒంటరిగా తిప్పండి, అది బరువైతే బాల్ జాయింటో పై బేరింగో. ఇంత సూటిగా తేల్చే పరీక్ష ఇంకొకటి లేదు. రాక్ మార్చాలని చెప్పే ప్రతి మెకానిక్కూ ఈ పరీక్ష చేసి చూపించాకే ఆ మాట చెప్పాలని నా గట్టి నమ్మకం.


వంశధార

రాడ్ ఎండ్ మార్చేటప్పుడు మూడు విషయాలు దగ్గరుండి చూడండి.

లాక్ నట్ వదులు చేసే ముందు మరల మీద పెయింటు గుర్తు పెట్టాలి. పాతది విప్పేటప్పుడు చుట్లు లెక్కపెట్టి, కొత్తది అన్నే చుట్లు ఎక్కించాలి. ఇలా చేస్తే అలైన్‌మెంట్ సెంటర్ దాకా బండి పక్కకు లాగకుండా వెళ్తుంది.

రాడ్ ఎండ్ ఊడదీయడానికి పుల్లర్ వాడమనండి. మర మీద సుత్తితో కొడితే మర చెడుతుంది, పక్కనున్న మంచి తొడుగు కూడా చిరుగుతుంది.

కోట నట్‌లో (అంచున గాళ్లున్న నట్) అది ఊడకుండా ఆపే కాటర్ పిన్ కొత్తదే వేయాలి. రంధ్రం కలవకపోతే నట్‌ను ఇంకొంచెం బిగించి కలపాలి, వదులు చేసి కలపకూడదు. పాత పిన్‌ను వంకర తీసి మళ్లీ వేసేవారిని నేను చాలామందిని చూశాను. ఆ చిన్న తీగ తెగితే నట్ ఊడి చక్రం తన దారిన తాను పోతుంది. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు.

ఆ తర్వాత అలైన్‌మెంట్ తప్పనిసరి. అరిగిన భాగాలు మార్చక ముందు అలైన్‌మెంట్ చేయిస్తే డబ్బు వృథా, వదులు కీలు మీద పెట్టిన కోణం తర్వాతి గతుకులోనే మారిపోతుంది.


పాత టాక్సీ (శ్రీకాకుళం)

కొత్త రాడ్ ఎండ్ కొనేటప్పుడు తొడుగును వేళ్లతో నొక్కి చూడండి. షాపులో ఏళ్ల తరబడి పడి ఉన్న సరుకైతే రబ్బరు ఎండి పగుళ్లు కనబడతాయి. బంతిని చేత్తో తిప్పితే బిగువుగా తిరగాలి. కొత్తదే కదా అని వదులుగా ఉన్నది తీసుకోకండి.


రాజాం టీచరమ్మ

వంశధార గారూ, బ్యాటరీ టెర్మినల్ మీద తెల్ల పూత మందంగా ఉంది. శుభ్రం చేయించాను, ఎర్త్ బోల్టు కూడా బిగించారు. దీపం మళ్లీ రాలేదు. బ్యాటరీ పాతబడిందని, చలికాలం లోపు మార్చమన్నారు. చాలా కృతజ్ఞతలు. మా బడిలో ఇదే మోడల్ ఉన్న ఇంకో ఉపాధ్యాయురాలికి కూడా మీ పోస్టు చూపించాను.


కోట జంక్షన్

పని పూర్తయింది. ఎడమ టై రాడ్ ఎండ్, రెండు వైపుల స్టెబిలైజర్ బుష్‌లు, కుడి స్ట్రట్ పై బేరింగు మార్చాం. మేస్త్రీ గారు చెప్పినట్టు విడదీసి చూస్తే రాక్ చివరి నుంచి చివరిదాకా సాఫీగా తిరిగింది. కుడి చక్రం మాత్రం చేత్తో తిప్పుతుంటే ఒక చోట ఆగి దూకింది. పాత బేరింగు విప్పితే గుళ్లు తుప్పుతో అతుక్కుపోయి ఉన్నాయి. రాక్ ముట్టుకోలేదు. కొత్త కాటర్ పిన్ నా ఎదుటే వేయించాను.

ఇప్పుడు ప్లే 2 సెంటీమీటర్ల లోపే ఉంది. మొన్న నాన్నగారే రణస్థలం మీదుగా శ్రీకాకుళం దాకా నడిపారు. వేగంలోనూ బండి గీత తప్పలేదు, చప్పుడు లేదు, మలుపు తర్వాత చక్రం తనంతట తానే వెనక్కి వస్తోంది. అందరికీ, ముఖ్యంగా మేస్త్రీ గారికి, వంశధార గారికి నమస్కారాలు.

ఒక్కటి మిగిలింది. అలైన్‌మెంట్ తర్వాత బండి నేరుగా వెళ్తున్నా స్టీరింగ్ చక్రం కొంచెం ఎడమకు ఒరిగి ఉంటోంది. అలైన్‌మెంట్ కుర్రాడు స్టీరింగ్ చక్రాన్ని ఊడదీసి ఒక పన్ను జరిపి పెడతానంటున్నాడు. పెట్టించుకోవచ్చా?


సాలూరు మేస్త్రీ

వద్దు బాబూ. అలా పెడితే చక్రం చూపుకు నేరుగా కనబడుతుంది గానీ లోపల రాక్ నడుమన ఉండదు. ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ తిరుగుతుంది, అరిగిన నడుమ భాగం కూడా పక్కకు పోతుంది. స్టీరింగ్‌ను ఒక చివర నుంచి రెండో చివరకు తిప్పి మొత్తం చుట్లు లెక్కపెట్టి, సరిగ్గా సగం దగ్గర ఆపండి. అక్కడ స్టీరింగ్ చక్రం నేరుగా ఉంటే దాన్ని ముట్టుకోనక్కరలేదు. ఆ స్థితిలోనే ఉంచి, రెండు టై రాడ్లనూ సరిచేయమనండి. ఒక వైపు ఎంత పొట్టి చేస్తే రెండో వైపు అంతే పొడుగు చేయాలి, అప్పుడు టో, అంటే ముందు చక్రాల మధ్య కోణం, మారదు. పని అయ్యాక రెండు లాక్ నట్లూ బిగించారో లేదో స్పానర్ వేసి మీరే చూసుకోండి. బూట్లు మెలిపడి ఉంటే నేరుగా సర్దించండి.


కోట జంక్షన్

అలాగే చేయించానండీ. రెండు రాడ్లూ అర చుట్టు చొప్పున సర్దారు. చక్రం నేరుగా ఉంది, నట్లు బిగించి ఉన్నాయి. ఎడమ బూటు మెలిపడి ఉంటే క్లిప్పు తీసి సరిచేయించాను.